రెక్క కింద ఖాళీ

నాటకశాలకు సోమవారం సెలవు. ఆ ఒక్క రోజే ఉడుపుల గది పూర్తిగా సూదక్క సొంతం. "అక్కా, గుండీ ఊడింది", "అక్కా, జిప్పు పట్టేసింది" అనే కేకలు వినపడవు. కిటికీ తలుపులు బార్లా తెరిచి, పొడుగు బల్ల మీద తెల్ల దుప్పటి పరిచి, వారమంతా చెమటకు నానిన బట్టలను తీరిగ్గా ఒక్కొక్కటే తిరగేసి చూసుకుంటుంది. ఆ సోమవారం కూడా అలాగే చూస్తూ పక్షిరాజు ఉడుపు ఎడమ రెక్క పైకెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

రెక్క అడుగున, చంక దగ్గర, అరచేయంత మేర ఈకలు లేవు.

'పక్షిరాజు' ఆ నాటకశాలకు అన్నం పెట్టే నాటకం. కొత్తవి వస్తుంటాయి, పోతుంటాయి. ఇది మాత్రం ఏళ్ల తరబడి ఆడుతూనే ఉంది. కథ కోసం వచ్చే జనం సగమైతే, ఆ ఉడుపు చూడటానికి వచ్చేవాళ్లు సగం. భుజాల మీద నెమలి ఈకలు, నడుం చుట్టూ చుక్కల గిన్నెకోడి ఈకలు, రొమ్ము మీదా రెక్కల అడుగునా అడవికోడి మెడ ఈకలు. అడవికోడి మెడ ఈక చూడటానికి చిన్నదే. కానీ దాని మీద మైనం చుక్క వేసి ఆరబెట్టినట్టు గట్టి మచ్చ ఒకటి ఉంటుంది. దీపాల వెలుతురు పడితే ఆ మచ్చలన్నీ కళ్లు తెరిచి చూస్తున్నట్టు మెరుస్తాయి. ఆ పక్షి జోలికి వెళ్లడం ఇప్పుడు నేరం. కొత్త ఈకలు ఎంత వెతికినా దొరకవు. ఉన్నవల్లా ఎప్పుడో పాత యజమాని ఉడుపు కుట్టించినప్పటివే. అందుకే వాటిని సూదక్క కంటికి రెప్పలా చూసుకుంటుంది.

మొదట బట్టల పురుగేమో అనుకుంది. పురుగైతే ఈకను కొరుక్కు తిని పొడి రాలుస్తుంది. బల్ల మీద పొడి లేదు. భూతద్దం తెచ్చి చూసింది. కాడలన్నీ మొదట్లో, ఏటవాలుగా, ఒకే తీరుగా తెగి ఉన్నాయి. పదునైన చిన్న కత్తెర పని. ఆదరాబాదరాగా కోసిన చెయ్యి కాదు. ఈక విలువ తెలిసిన చెయ్యి.

గది తాళంచెవి మేనేజరు దగ్గర ఒకటి, ఇస్త్రీ చేసే మనిషి దగ్గర ఒకటి, తన దగ్గర ఒకటి ఉంటుంది. మేనేజరుకు రెక్కకూ తోకకూ తేడా తెలియదు. ఇస్త్రీ మనిషి చేరిన నాటి నుంచి పక్క బల్ల దగ్గర పెట్టె తోస్తూ, కబుర్లు చెబుతూ, తనను నోరారా అక్కా అని పిలుస్తూ తిరిగేవాడు. పైగా అతను ఇంటి డాబా మీద పావురాలు పెంచుతాడు. ఈకలే కావాలంటే అతనింట్లో గంపలకొద్దీ ఉంటాయి.

మరింకెవరు అనుకుంటుండగానే ఆమెకు మొన్నటి వారం సంగతి గుర్తొచ్చింది. తను క్యారియరు ఇంట్లోనే మర్చిపోయి వస్తే ఆయన తెచ్చి ఇచ్చాడు. తను స్టేజి మీద ఎవరికో కుచ్చిళ్లు సర్దుతుంటే, వచ్చేదాకా ఈ గదిలోనే ఒంటరిగా కూర్చున్నాడు.

ఛ, అనుకుని రెక్క దించేసింది.

ఆయనంటే సూదక్క భర్త. చేపల కోసం ఈగలు కడతాడు. గాలపు ముల్లు మీద ఈకలు చుట్టి, నీళ్ల మీద వాలిన ఈగే అనుకుని చేప మింగేలా చేసే ఎర అది. ఆ పనివాళ్లు దాన్ని ఈగ అనే అంటారు. అంతకుముందు ఆయనది గడియారాల రిపేరు కొట్టు. గడియారాలు బాగు చేయించుకునేవాళ్లు కరువై కొట్టు మూసేశాక, "మీ ఆయన ఇంట్లో ఈగలు తోలుకుంటున్నాడా?" అని ఎవరైనా అడిగితే, "తోలుకోవడం కాదు, కడుతున్నాడు" అని సూదక్క నవ్వేది. నెమలి పోచ చుట్టి ఒళ్లు చేస్తాడు. కోడిపుంజు మెడ ఈకను ముల్లు చుట్టూ తిప్పి కాళ్లు చేస్తాడు. బాతు రొమ్ము ఈకతో రెక్కలు నిలబెడతాడు. ఈకలు కడగడానికి ఆమె వంటింట్లో జల్లెడ ఒకటి ఎత్తుకుపోయాడు. అది మళ్లీ వంటింటి మొహం చూడలేదు. గాలాల కొట్టువాడు ఆయన కట్టిన ఈగలను అద్దాల పెట్టెలో విడిగా పెట్టి అమ్ముతాడు. సెలవు రోజుల్లో ఆయనా, పక్షిరాజు వేషం వేసే పెద్ద నటుడూ కలిసి చెరువు గట్టున గాలాలు వేసుకుని కూర్చుంటారు. ఆ నటుణ్ణి అందరూ రాజావారనే పిలుస్తారు. ఆయన సూదక్కను చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన ఆమె భర్తా ఆయనా ఒకరినొకరు బావా అనుకుంటారు.

ఆ సాయంత్రం సూదక్క ఇంటికి వెళ్లేసరికి వెనక గది తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లింది. ఆయన గబుక్కున బల్ల మీద గుడ్డ కప్పి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఏం కప్పారు?"

"ఏముంది, ఈకలు. ఫ్యాను గాలికి ఎగిరిపోతాయని."

ఫ్యాను తిరగడం లేదు. ఆమె ఏమీ అనకుండా గుడ్డ తీసింది. అట్టముక్కకు గుచ్చి వరసగా ఈగలు ఉన్నాయి. చివరిది పెద్దది, మంచి దర్జాగా ఉంది. దాని తల పక్కన అటొకటి ఇటొకటి రెండు మచ్చలు కళ్లలా మెరుస్తున్నాయి. వాటిని గుర్తుపట్టడానికి ఆమెకు భూతద్దం అక్కర్లేదు.

"ఈ అడవికోడి ఈక ఎక్కడిది?"

"పాత సరుకు. అడుగున ఎక్కడో పడుంటే దొరికింది."

"పాత సరుకు అయిపోయిందని కిందటేడే అన్నారుగా."

"ఇదిగో, నాతో ఈకలూ తోకలూ పీకకు. కాఫీ ఏమైనా ఇస్తావా?"

కాఫీ ఇచ్చింది. ఆమె నిలబడి ఉన్నంతసేపూ ఆయన కప్పు ముట్టుకోలేదు. ఆమె వంటింట్లోకి వెళ్లాక తాగాడు. ఆ సంగతి కూడా సూదక్క మనసులో ముడివేసుకుంది.

అనుమానం మొదలయ్యాక మనిషి చేసే ప్రతి పనికీ ఇంకో అర్థం కనపడుతుంది. ఏనాడూ గడ్డానికి మంగలి మొహం చూడని మనిషి ఈ మధ్య మంగలి దగ్గరికి వెళుతున్నాడు. అడిగితే, "సరదా పుట్టింది" అన్నాడు. అన్నం తినేటప్పుడు ఇదివరకు ఎదురుగా కూర్చునేవాడు. ఇప్పుడు "నువ్వు ముందు తినెయ్" అంటున్నాడు. మధ్యాహ్నాలు ఇంట్లో ఉండటం లేదని పక్కింటావిడ మాటల్లో చెప్పింది. ఒకరోజు గాజు గ్లాసు పగిలితే చెప్పకుండా ముక్కలు పాత పేపర్లో చుట్టి చెత్తబుట్ట అడుగున పెట్టాడు. గ్లాసు పగిలితే దాచేదేముంది? దాచడం అలవాటైన మనిషి అన్నీ దాస్తాడని ఆమె మనసు చెప్పింది. ఆ మనసునే ఆమె నోరు మూసుకోమంది. ఇన్నేళ్ల కాపురంలో ఒకరి గడియారంలోంచి చిన్న మర కూడా తీసుకోని మనిషి. ఇప్పుడు పెళ్లాం పనిచేసే చోట కత్తెర పెడతాడా?

అటో ఇటో తేల్చుకోవాలనుకుంది. మేకప్ గది నుంచి ఎర్ర గోళ్లరంగు తెచ్చి, రెక్క అడుగున మిగిలిన అడవికోడి ఈకల్లో అంచున ఉన్నవాటికి వెనకవైపు, సరిగ్గా మచ్చ కింద, సూదిమొనతో చుక్కలు పెట్టింది. ముందునుంచి చూస్తే కనపడవు. పెడుతున్నంతసేపూ, ఎవరో తన వెనక నిలబడి చూస్తున్నట్టు వీపు జలదరిస్తూనే ఉంది.

ఆ వారం మళ్లీ ఈకలు తెగాయి. శనివారం పొద్దున ఆయన స్నానానికి వెళ్లినప్పుడు ఆమె వెనక గదిలోకి వెళ్లి అట్టముక్క తిప్పి చూసింది. కొత్త ఈగ తల పక్కన ఉన్న ఈకను గోటితో కొద్దిగా పైకి లేపింది. ఆవగింజలో సగం కూడా లేని ఎర్రచుక్క.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. సూదక్క అట్టను ఉన్నచోట ఉన్నట్టే పెట్టి వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు నిలబడింది. పొయ్యి మీద ఏం ఉందో కూడా ఆమెకు తెలియలేదు. నిలదీసి అడిగేయొచ్చు. అడిగితే ఆయన అవుననేస్తే? ఆ తర్వాత ఆ మొహం చూస్తూ ఎలా బతకాలి? ఊరుకుంటే మెల్లిగా ఏదో ఒకటి చేసి మానిపించవచ్చు. ఊరుకుంది.

అయితే ఊరుకోవడం ఆమె ఒక్కదాని చేతిలో లేదు. మరుసటి వారం కొత్త పోస్టర్ల కోసం ఫోటోగ్రాఫరు వచ్చి, పక్షిరాజు రెక్కలు రెండూ పైకి చాచి నిలబడాలన్నాడు. రాజావారు, "అలా చాచితే కొంగలా ఉంటాను, వద్దు" అన్నాడు. ఫోటోగ్రాఫరు వినలేదు. రెక్క లేవగానే మేనేజరు కళ్లు చంక దగ్గర ఆగిపోయాయి.

"ఇదేమిటమ్మా సూదక్కా?"

"పాత ఉడుపు కదా సార్. ఊడుతుంటాయి."

మేనేజరు దగ్గరికి వచ్చి వేలితో తడిమాడు. రెక్కకూ తోకకూ తేడా తెలియకపోయినా, ఊడినదానికీ కోసినదానికీ తేడా ఆయనకు తెలిసింది. "ఇవి కోసినవి" అన్నాడు.

గంట తిరక్కుండా ఉడుపుల గదిలో అందరినీ నిలబెట్టి ఆరా తీశాడు. ఇస్త్రీ మనిషి ఏదో నవ్వించబోయి, "సార్, రాజావారు గుడ్లు పెట్టే రోజులేమో, పొదగడానికి రాల్చుకున్నారు" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. మేనేజరు చూపు అతని చొక్కా మీదికి పోయింది. భుజం దగ్గర తెల్లటి నూగు ఈక ఒకటి అంటుకుని ఉంది.

"ఇదేంటి?"

"పావురానిది సార్. పొద్దున మేత వేసొచ్చాను."

"పక్షుల వ్యాపారం కూడా ఉందన్నమాట. తాళంచెవి కూడా ఉంది."

"వ్యాపారం కాదు సార్, పెంచుకుంటాను. అక్కా, నువ్వు చెప్పు. నేనెలాంటివాణ్ణో నీకు తెలీదా?"

అందరూ సూదక్క వైపు తిరిగారు. ఇతను కాదంటే మరెవరంటారు. మరెవరన్న ప్రశ్న వస్తే, నిన్నగాక మొన్న ఈ గదిలో కూర్చుని వెళ్లిందెవరని ఎవరో ఒకరికి గుర్తొస్తుంది. చేతిలో ఉన్న కొలతల టేపును వేలికి చుట్టుకుంటూ, "నాకేం తెలుసు సార్. నేను స్టేజి మీదే ఉంటానాయె" అంది.

ఇస్త్రీ మనిషి మొహంలో నవ్వు ఒక్కసారిగా పోలేదు. కాసేపు అలాగే ఉండి, నెమ్మదిగా వెలిసిపోయింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, ఇస్త్రీ పెట్టె స్విచ్చి తీసి, వైరు చుట్టి వెళ్లిపోయాడు. తేలేదాకా రావద్దని మేనేజరు చెప్పాడు.

మర్నాటి నుంచి ఉడుపుల గదిలో మాటన్నది లేదు. సూదక్కే బట్టలు కుట్టింది, సూదక్కే ఇస్త్రీ చేసింది. ఒక జరీ కండువా కాల్చింది కూడా. ఇంట్లో ఆయనతో ముక్తసరిగా ఊ, ఆ తప్ప మాట్లాడలేదు. ఆయన మాత్రం ఒకటి రెండుసార్లు, "ఒంట్లో బాగోలేదా?" అని అడిగి, ఆమె చూపుకు భయపడినట్టు జేబుల్లో చేతులతో అవతలికి పోయాడు.

ఆమెకు ఒక్కటే దారి కనపడింది. ఆ ఈకలున్న ఈగలు అమ్ముడై నలుగురి చేతుల్లో పడకముందే తెచ్చేసుకోవాలి. అందుకే ఒక పొద్దున గాలాల కొట్టుకు వెళ్లింది. కొట్టువాడు ఆమెను చూసి కుర్చీ వేశాడు.

"ఏమ్మా, మీ ఆయన రాలేదా? కళ్లున్న ఈగలు ఇంకో అరడజను కావాలని చెప్పండి. అడగనివాడు లేడు."

"అవి ఒకసారి చూపిస్తారా? కట్టేటప్పుడు నన్ను చూడనివ్వడు."

కొట్టువాడు అద్దాల పెట్టె తెరిచి అట్ట బయట పెట్టాడు. పక్కన కిందటేడాది అట్ట కూడా ఉంది. "చెయ్యి మార్చినట్టున్నాడే మీ ఆయన" అన్నాడు నవ్వుతూ. "ఇదివరకు కుడివైపుకు చుట్టేవాడు. ఇప్పుడు ఎడమ. నాకైతే ఏదైనా ఒకటే, చేపకూ ఒకటే."

సూదక్క రెండు అట్టలూ వెలుతురుకు పట్టుకుని చూసింది. జీవితమంతా దారంతో గడిపిన మనిషికి ఎవరి కుట్టు ఎవరిదో చెప్పడం ఎవరి గొంతు ఎవరిదో చెప్పడమంత తేలిక. పాత ఈగల మీద దారం కుడికి తిరిగి, చివర ముడి లోపలికి దాగి ఉంది. అది ఆయన ముడి. కొత్తవాటి మీద దారం ఎడమకు తిరిగింది. ముడి పైకి కనపడుతోంది. చుట్టు చుట్టుకూ కొంచెం బిగువు ఎక్కువ. పట్టుదలగా నేర్చుకున్న చెయ్యే గానీ, గడియారాలు విప్పిన చెయ్యి మాత్రం కాదు.

ఇవి ఆయన కట్టినవి కావు.

వాటిని తెచ్చుకోవాలన్న సంగతే మర్చిపోయి కొట్టు మెట్లు దిగుతుంటే ఆమెకు ముందు ఊపిరి తేలికైంది. వీధి మలుపు తిరిగేలోపు మళ్లీ బరువెక్కింది. ఆయన కట్టకపోతే ఎవరు కడుతున్నారు? ఎవరో కట్టినవి తెచ్చి ఇంట్లో పెట్టుకుని, తలుపులు మూసి, తనే కట్టినట్టు ఎందుకు నాటకమాడుతున్నాడు? మధ్యాహ్నాలు వెళ్లేది ఎక్కడికి? మంగలి దగ్గర నున్నగా గడ్డం చేయించుకుని మరీ వెళ్లేది ఎవరింటికి? ఈ వయసులో ఇలాంటి ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వు పెదవి దాటలేదు.

ఆ రోజు మేనేజరుతో తలనొప్పని చెప్పి మధ్యాహ్నం ఇంటి వీధి చివర మందుల కొట్టు దగ్గర నిలబడింది. ఆయన బయటికి వచ్చాడు. గడ్డం నున్నగా ఉంది. చేతులు జేబుల్లో ఉన్నాయి. వెనక నడిచింది. ఆయన బజారు దాటాడు, బస్టాండు దాటాడు. వెళ్లి వెళ్లి నాటకశాల వెనక గుమ్మం ముందు ఆగాడు. కాపలామనిషి ఆయనకు రోజూ వచ్చేవాడికి ఊపినట్టు తల ఊపాడు.

సూదక్క లోపలికి వెళ్లి, రాజావారి మేకప్ గది బయట నిలబడింది. తలుపు ఓరగా తీసి ఉంది. అద్దం ముందు, రంగుల డబ్బాలు పక్కకు నెట్టి, బల్ల అంచుకు ముల్లు కదలకుండా పట్టుకునే చిన్న వైసు బిగించి ఉంది. దాని నోట్లో గాలపు ముల్లు. రాజావారు ముక్కు మీదికి కళ్లజోడు జార్చుకుని, ఎడమ చేత్తో దారం చుట్టుతున్నాడు. పక్కన స్టూలు మీద ఆయన కూర్చుని ఉన్నాడు.

"బిగించకు బావా, పోచ తెగుతుంది. ఊపిరి వదిలి చుట్టు. ఆ, ఇప్పుడు ఆపు."

అంటూ ఆమె భర్త చూపించడానికి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాలిలో వణికింది. కాస్తా కూస్తా కాదు. చలిలో తడిసిన పిల్లిలా గడగడా వణికింది. ఆయన దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లోకి లాక్కున్నాడు. రెండోది కూడా వణుకుతూనే ఉంది.

తలుపు తనంతట తనే తెరుచుకుందో, ఆమే తోసిందో సూదక్కకు గుర్తులేదు.

ఆయన అలవాటుగా చేతులు జేబుల్లో పెట్టుకోబోయాడు. ఒక చేతికి జేబు దొరకలేదు.

"ఎన్నాళ్లనుంచి?" అంది.

"కొట్టు మూసే ముందు నుంచే. అప్పుడు కొద్దిగానే ఉండేది." ఆయన నేల వైపు చూశాడు. "నీకు చెబుదామనే అనుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని."

"కాఫీ నా ముందు తాగంది అందుకేనా?"

ఆయన తల ఊపాడు. గ్లాసు, గడ్డం, అన్నానికి ఎదురుగా కూర్చోకపోవడం. ఆమె ఒక్కొక్కటే మనసులో విప్పుకుంది. తను దొంగతనమనుకున్నదంతా ఇదా. మనసు కరిగిపోతున్న ఆ క్షణంలోనే ఆమె కళ్లు అద్దం కింద పళ్లెంలో ఉన్న ఈకల మీద పడ్డాయి.

"అన్నయ్యగారూ, ఈ ఈకలు ఎక్కడివి?"

రాజావారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నా ఒంటి మీదివే చెల్లెమ్మా. ఆ రెక్క కింద ఎవరు చూస్తారులే అని."

"నేను చూస్తాను."

"కొట్టువాడు కళ్లున్న ఈగే కావాలన్నాడు. బావ దగ్గర సరుకు లేదు. కుదరదని చెబితే బేరం పోతుందని కాదు, ఈ మనిషి ఆ పూటే మంచం పట్టేలా ఉన్నాడు."

ఆమె భర్త స్టూలు మీంచి లేచాడు. "పాత కిరీటంలోవన్నావు కదా? పారేసినవి అన్నావు."

"అన్నాను."

"ఉడుపు కోశావా?"

రాజావారికి బదులు సూదక్క చెప్పింది. ఫోటోగ్రాఫరు రావడం, మేనేజరు ఆరా, భుజం మీద పావురం ఈక, తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లడం, అంతా చెప్పింది. తను ఏమన్నదో మాత్రం చెప్పలేదు. ఆయన మొహం పాలిపోయింది.

"ఆ అబ్బాయిని పంపించేస్తే నువ్వు చూస్తూ ఊరుకున్నావా?" అన్నాడు రాజావారితో.

"నాలుగు రోజులైతే మేనేజరే మర్చిపోయి పిలుస్తాడనుకున్నాను. చెబితే నీ చేతుల సంగతి కూడా చెప్పాలి." రాజావారు సూదక్క వైపు తిరిగాడు. "నువ్వూ అక్కడే ఉన్నావుగా చెల్లెమ్మా. ఏమీ తెలియదన్నావు. నీకు నిజంగానే తెలియదేమో అనుకున్నాను."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో ఆమెకు అర్థం కాలేదు. అన్నేళ్లు స్టేజి మీద నిలబడిన గొంతు, ఏది ఎక్కడ దాచాలో తెలిసిన గొంతు. భర్త తనవైపు చూస్తున్నాడని మాత్రం తెలిసింది.

"నీకు తెలుసా?" అన్నాడు ఆయన.

"మీరనుకున్నాను" అంది.

కోప్పడినా బాగుండుననిపించింది ఆమెకు. ఆయన వణుకుతున్న చేత్తోనే వైసు మర విప్పడం మొదలుపెట్టాడు. మర కింద పడింది. రాజావారు వంగి తీసిచ్చాడు. "పద" అన్నాడు ఆయన. "ముగ్గురం వెళదాం మేనేజరు దగ్గరికి."

మేనేజరు అంతా విని, రాజావారి వైపు చూసి, ఆఖరికి నవ్వేశాడు. పక్షిరాజు లేకుండా 'పక్షిరాజు' నడవదు. "మీ ఈకలు మీరే పీక్కున్నారన్నమాట. ఇకమీద నాకో మాట చెప్పి పీక్కోండి" అన్నాడు. ఈ నవ్వులో పావు వంతు ఆ రోజు ఇస్త్రీ మనిషికి దక్కి ఉంటే చాలునని సూదక్కకు అనిపించింది. అతనికి కబురు పెట్టమని మేనేజరు ఎవరికో చెప్పబోతే, "వద్దు సార్, నేనే వెళతాను" అంది.

అతని ఇల్లు వీధి చివర డాబా ఇల్లు. పైన పావురాల గూళ్లు తుడుస్తున్నాడు. ఆమెను చూసి చీపురు దించలేదు.

"దొరికాడా దొంగ?" అన్నాడు.

"రాజావారు. ఆయన ఉడుపు ఆయనే కోసుకున్నాడు."

అతను చీపురు ఆపి, ఒక నవ్వు నవ్వి, మళ్లీ ఊడవసాగాడు. పావురం ఒకటి వచ్చి అతని చెప్పు మీద వాలింది. దాన్ని చూస్తూ అడిగాడు. "అక్కా, ఆ రోజు నేనే తీశాననుకున్నావా?"

"లేదు తమ్ముడూ. ఒట్టు. నీమీద నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు."

"మరి?"

"మా ఆయన్ని అనుకున్నాను."

అతను చీపురును గోడకు ఆనించాడు. ఆ మాట అతనికి ఊరటగా ఉంటుందనుకుంది ఆమె. అతని మొహం చూశాక, చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది.

"అంటే నేను కాదని తెలుసు. తెలిసే ఊరుకున్నావు" అన్నాడు. గొంతు పెంచలేదు. "నువ్వు నన్ను అనుమానించి ఉంటేనే బాగుండేదక్కా. పొరపాటు పడిందిలే అనుకునేవాణ్ణి."

సూదక్క తప్పైపోయిందంది. అతను వినపడినట్టు తల ఊపాడు. పావురాలకు నీళ్లు మార్చి, గూళ్ల తలుపులు వేసి, రేపటి నుంచి వస్తానన్నాడు.

అన్నట్టే వచ్చాడు. పెట్టె తోశాడు, మడతలు పెట్టాడు, అడిగినదానికి జవాబిచ్చాడు. కబుర్లు మాత్రం లేవు. సాయంత్రం వెళ్లబోయే ముందు ఆమె బల్ల దగ్గరికి వచ్చి, చొక్కా జేబు, ప్యాంటు జేబులు బయటికి లాగి చూపించి, మళ్లీ లోపలికి నెట్టుకుని వెళ్లాడు. ఆమె నిర్ఘాంతపోయింది. మర్నాడూ అంతే. "ఎందుకిలా? నేనడిగానా?" అంది. "అడక్కముందే చూపిస్తే మంచిది కదక్కా" అన్నాడు. ఆ తర్వాత రోజూ అదే.

ఇంట్లో ఆయన డాక్టరు దగ్గరికి వెళ్లాడు. మందులు వాడుతున్నాడు. వణుకు కొంచెం తగ్గింది, పోలేదు. ఈగలు ఇప్పుడు రాజావారి పేరు మీదే కొట్టుకు వెళుతున్నాయి, కళ్లు లేకుండా. అన్నం సూదక్క ఎదురుగా కూర్చునే తింటున్నాడు. మెతుకులు చెదిరితే ఇద్దరూ చూడనట్టు ఉంటారు. ఒక్కోసారి తింటూ తింటూ ఆమె మొహంలోకి తేరిపార చూస్తాడు. "ఏమిటి?" అంటే, "ఏం లేదు" అంటాడు. దొంగ అనుకుని కూడా తనతో అన్ని రోజులు ఒకే కప్పు కింద ఎలా ఉన్నదో అడగాలని ఉంటుందేమో అనుకుంటుంది ఆమె.

ఒక సాయంత్రం ఇస్త్రీ మనిషి మామూలుగానే బల్ల దగ్గరికి వచ్చి జేబులు బయటికి లాగాడు. సూదక్క లేచి, గోడకు తగిలించిన తన సంచీ తీసి, అతని ముందు బల్ల మీద బోర్లించింది. తాళంచెవులు, దువ్వెన, మాత్రల అట్ట, దారపు ఉండలు, సగం తిని మడిచిపెట్టిన బిస్కెట్ల పొట్లం, చిల్లర, బొత్తాలు గలగలా పడ్డాయి. సంచీని తిరగేసి కుట్లు కనపడేలా దులిపింది.

అతను ఆ కుప్పను కాసేపు చూశాడు. వేలితో బిస్కెట్ల పొట్లం పక్కకు జరిపాడు.

"ఇవి మొన్న నా డబ్బాలోవి" అన్నాడు.

"అవును. ఆకలేసి తీశాను."

"చెప్పి తీస్తే ఏం?"

"నువ్వు మాట్లాడటం లేదుగా."

అతను పొట్లంలోంచి ఒక బిస్కెట్టు తీసుకుని, మిగతావి అక్కడే వదిలేసి, జేబులు లోపలికి నెట్టుకుంటూ మెట్లు దిగాడు.